గోదాంల తొమ్మిదో దినం, కాళ్లు లేస్తలేవు. ఎన్ని దినాలకు అలవాటైతది?

పాలమూరు_పోరడు

మాది జడ్చర్ల దిక్కు ఊరు. బీకాం అయిపోయినంక ఏడాది ఖాళీగ ఉన్న. పోయిన వారం షాద్‌నగర్ దగ్గర ఒక పెద్ద ఆన్‌లైన్ సామాన్ల గోదాంల పికింగ్‌ల చేరిన. ఇయ్యాల తొమ్మిదో దినం. పొద్దుగాల నాలుగున్నరకు బస్సు మా ఊరి స్టేజీ కాడికి వస్తది. ఆరింటికి షిఫ్టు, మూడింటికి ఇడుస్తరు. చేతికి స్కానర్ ఇస్తరు, అది ఏ ర్యాక్ చెప్తే ఆ ర్యాక్ కాడికి పోవాలె, సామాను తీయాలె, స్కాన్ కొట్టాలె, ట్రాలీల డబ్బాల ఏయాలె, మళ్ల ఇంకో ర్యాక్. నిన్న ఫోన్ల చూస్తే 24 వేల అడుగులు నడిచినట్టు చూపిచ్చింది.

మొదటి రెండు దినాలు ఏం కాలే. గింతేనా అనుకున్న. మూడో దినం మంచం దిగుతుంటే పిక్కలు రాళ్ల లెక్క అయినయి. ఇంటి ముందర రెండే మెట్లు, అవి దిగనీకి గోడ పట్టుకున్న. ఇప్పుడు మడిమల కాడ తోలు ఊడింది, నడుము కింద గుంజుతది, స్కానర్ బటన్ ఒత్తి ఒత్తి కుడి బొటనవేలు వాసింది. ఇంటికొచ్చి బువ్వ ముందల కూసుంటే కండ్లు మూతలు పడుతయి. అమ్మ చూసి ఏడుస్తది. నాయన "అందరు చేస్తలేరా" అంటడు. నాతోని చేరిన పదకొండు మందిల నలుగురు ఇప్పటికే వస్తలేరు.

ఇడిచిపెట్టాలని లేదు. ఇంట్ల బోరు అప్పు ఉంది, ఈ జీతం కావాలె. ఒక్కటే అడుగుతున్న. ఇది తగ్గేదేనా? ఎన్ని దినాలు పడతది? చేసినోళ్లు చెప్పున్రి.

షాద్‌నగర్_షిఫ్టు

మూడేండ్ల సంది గదే పని చేస్తున్న తమ్మీ. తగ్గుతది. నాకైతే మూడు వారాలు పట్టింది. రెండో వారమే అన్నిటికంటె గడ్డు వారం. మొదటి వారం కొత్త మోజుల గడుస్తది, మూడో వారం పెయ్యి దారికొస్తది, నడుమ వారంల మనిషి ఇడిచిపోతడు. నువ్వు ఇప్పుడు సరిగ్గ ఆ వారంల ఉన్నవ్. ఆ నలుగురు గూడ ఏడో దినం దాటినంక పోయినోళ్లే అయి ఉంటరు.

బూట్లు ఏ సైజు ఇచ్చిన్రు? ముందుగాల అది చెప్పు.

కొల్లాపూర్_మామిడి

24 వేల అడుగులంటె పదిహేను కిలోమీటర్ల పైమాటే. షాద్‌నగర్ కెళ్లి జడ్చర్లకు సగం తొవ్వ నడిచొచ్చినట్టే. బస్సు కిరాయి మిగిలింది తమ్మీ.

పాలమూరు_పోరడు

@షాద్‌నగర్_షిఫ్టు అన్న, నాది 8. స్టోర్‌ల 8 లేవని 9 ఇచ్చిన్రు. ముందర ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూట్లు. లోపల కాలు ఊగుతది, మడిమ రాసుకుంటది. సాక్సు రెండు దినాలు రక్తం మరక అయింది, అమ్మ చూస్తదని నేనే పిండుకున్న.

షాద్‌నగర్_షిఫ్టు

గదే చెప్పబోతున్న. నీ నొప్పుల సగం ఆ బూట్లదే. రేపు పొద్దుగాల పని ఎక్కకముందే స్టోర్‌కు పోయి 8 కావాలని అడుగు. లేవంటె టీం లీడర్‌కు చెప్పి రాపిచ్చు. ఇయ్యక ఏం చేస్తరు, కాలు పుండైతే నష్టం వాళ్లకు గూడ. అవి వచ్చేదాంక లోపల ఒక మెత్తటి అట్ట సోలు ఏస్కో. లోపల పల్చటి సాక్సు, మీద మందపు సాక్సు తొడుగు. అప్పుడు రాపిడి సాక్సుకు సాక్సుకు నడుమ ఐతది, తోలుకు కాదు. లేసు కట్టేటప్పుడు మడిమను ఎన్కకు కొట్టి కూసోపెట్టి పై రంధ్రాల కాడ గట్టిగ బిగించు. వేళ్ల కాడ వదులు ఉన్నా సరే, మడిమ లేవొద్దు. బ్రేకుల సాక్సు మార్చు, ఇంకో జత సంచిల పెట్టుకో. కాలిగోర్లు కురుచగ తీస్కో, లేకుంటె ఇనుప టోపీకి తాకి నల్లగైతయి.

సొంతంగ కొనేటట్టుంటె పొద్దుమీకి కొను. దినమంత నిలబడ్డ కాలు వాస్తది, పొద్దుగాల సరిపోయిన బూటు మాపటికి బిగుసుకపోతది.

మిర్యాల_హమాలి

నేను మాట్లాడుతున్న, మా బిడ్డ టైపు చేస్తున్నది. మిర్యాలగూడల రైస్ మిల్లుల ఇరవై రెండేండ్ల సంది హమాలి పని. వడ్ల బస్తా 40 కిలోలు, బియ్యం బస్తా 50. లారీకి వందల బస్తాలు ఎక్కిస్తం, దించుతం. కొడుకా, నీ రాత చదివిపిచ్చుకున్నంక నాకు నా మొదటి నెల యాదికొచ్చింది.

మాకు కొత్తోడు వస్తే మొదటి దినమే బస్తా మోయనియ్యం. గోనె సంచులు దులుపు, మూతులు కుట్టు, కిందికెళ్లి ఎత్తందియ్యి అంటం. నాలుగు దినాలకు అడపాదడపా ఒకటి మోపిస్తం. పది దినాలు పోయినంక వరుసల నిలబెడతం. మా నాయన పాలమూరు దిక్కు గుంపు మేస్త్రి (కూలీలను గుంపుగ పనికి తీస్కపోయేటోడు) కింద మట్టిపనికి పోయినోడు, ఆడ గూడ కొత్తోనికి తట్ట సగమే నింపేటోళ్లంట. నిండ తట్ట ఎత్తితే వారంల పంటడు, మేస్త్రికి అడ్వాన్సు మునుగుతదని. దయతోటి కాదు, లెక్కతోటే. ఇప్పుడు మీ గోదాములల ఆ లెక్క గూడ తెలుస్తలేదా?

బరువు ఎత్తేటప్పుడు ఒక్కటి చెప్త. ముందు బస్తాను చూడు. యాడ పట్టుకోవాలె, యాడికి పోవాలె, తొవ్వల ఏమన్న అడ్డం ఉన్నదా చూసుకో. కాళ్లు ఎడంగ పెట్టి మోకాళ్లు వంచి దానికి దగ్గర పోవాలె. దాన్ని పొట్టకు హత్తుకుని ఊపిరి ఇడుస్త లేవాలె. దూరంగ చేతులు సాపి ఎత్తితే, అదే బరువు దగ్గర పట్టుకున్నదాని కంటె శానా ఎక్కువ గుంజుతది నడుము. ఇగ తిరిగేటప్పుడు నడుము తిప్పొద్దు, పాదాలు తిప్పి తిరగాలె. మా దాంట్ల నడుములు పోయినోళ్లందరు బరువుకు పోలే, బరువు పట్టుకుని మలిగినప్పుడే పోయిన్రు.

నొప్పి గోలీలు అలవాటు చేస్కోకు. పెయ్యే నేర్చుకుంటది.

దేవరకొండోడు

కాక చెప్పింది బరాబర్ ఉన్నది గని "పెయ్యే నేర్చుకుంటది" అనే మాట కాడ నేను ఒప్పుకోను. నేను గిట్లనే అలవాటైతది, అలవాటైతది అని రెండు నెలలు చేసిన. అన్‌లోడింగ్‌ల ఉంటి. కంటైనర్ తలుపు తీసి లోపలికెళ్లి డబ్బాలు బెల్ట్ మీద ఏసుడు. నడుము నొప్పి కుడి కాలు దాంక దిగింది. అది గూడ అలవాటు నొప్పే అనుకున్న. ఒకనాడు బూటు ఏస్కుంటుంటె బొటనవేలు స్పర్శ తెలుస్తలేదు. డాక్టర్ ఎమ్మారై తీపిచ్చిండు, డిస్క్ జరిగి నరం మీద ఒత్తుతున్నదన్నడు. నాలుగు నెలలు ఇంటి పట్టున ఉన్న. ఇప్పుడు ఆటో నడుపుతున్న.

తమ్మీ, ఓర్చుకునే నొప్పి ఒకటి ఉంటది, ఆగిపోవాల్సిన నొప్పి ఒకటి ఉంటది. రెంటినీ ఒక్కటే అనుకోకు. పని ఇడిచిపెట్టుడు తప్పేం కాదు.

మిర్యాల_హమాలి

ఆటో తమ్మీ, నువ్వు చెప్పింది కాదనను. మా జోడీదారుడు ఒకడు 45 ఏండ్లకే వంగలేకుండ అయిండు. ఆయనది గూడ కాలుకు దిగిన నొప్పే. అప్పుడు మాకు చెప్పేటోడు లేకుండె.

నల్లగొండ_నర్సక్క

పదహారేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, కూలిపని చేసేవాళ్ల నొప్పులు రోజూ చూస్తాను. వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

కొత్త పని చేసిన కండరానికి లోపల సన్నటి చీలికల్లాంటివి పడతాయి. అవి మానేటప్పుడు వచ్చే నొప్పి వెంటనే రాదు, ఒకరోజు ఆగి మొదలై రెండు మూడు రోజులకు ముదురుతుంది. తమ్ముడికి మొదటి రెండు రోజులు ఏం కాకుండా మూడో రోజు పిక్కలు రాళ్లైంది అందుకే. ఈ నొప్పి రెండు కాళ్లకూ ఉంటుంది, ఒత్తితే తెలుస్తుంది, పనిలోకి దిగి ఒళ్లు వేడెక్కితే కొంత సడలుతుంది. ఇది భయపడేది కాదు. అదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే కండరం గట్టిపడి నొప్పి రావడం తగ్గుతుంది. కండ రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. కండను ఎముకకు కట్టే స్నాయువులు, కీళ్ల దగ్గరి పట్టీలు మాత్రం అంత జల్దీ గట్టిపడవు, నెలలు పడతాయి. అందుకే మూడో వారం బాగున్నానని ఒక్కసారి రెట్టింపు పని మీద వేసుకోవద్దు. మణికట్టు, మడిమ వెనక స్నాయువు అప్పుడే దెబ్బతింటాయి.

ఇక దేవరకొండ తమ్ముడు చెప్పిన రెండో రకం. ఒక్క కాలుకే దిగే నొప్పి, తిమ్మిరి, మొద్దుబారడం, పాదం ఎత్తలేకపోవడం ఉంటే పని ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలి. మూత్రం, దొడ్డి మీద పట్టు తప్పితే ఆ పూటే దవాఖానాకు పోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఎండలో, వేడి షెడ్డులో విపరీతంగా పనిచేసిన తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే అది గూడా ఆగే విషయం కాదు. కండ కరిగి కిడ్నీ మీద పడుతున్నట్టు.

గోలీల విషయంలో హమాలి పెద్దన్న మాటే నాది. డైక్లోఫెనాక్ లాంటివి పరగడుపున, నీళ్లు తాగకుండా, చెమట కారుస్తూ రోజూ మింగుతున్న పిల్లల్ని చూస్తున్నాను. కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. మరీ నిద్ర పట్టని రోజు ఏదన్నా తిని ఒక పారాసిటమాల్ వేసుకో, చాలు. అది గూడా రోజూ వద్దు.

మడిమ పొక్కు ఇంకా పగలకుంటే పొడవొద్దు. పగిలితే సబ్బుతో కడిగి, ఆరబెట్టి, పట్టీ వేసి బూటు తొడుగు. నీకు షుగర్ లేదు కదా? ఉన్నవాళ్లు మాత్రం కాలి పుండును ఒక్కరోజు గూడా నిర్లక్ష్యం చేయొద్దు.

కొల్లాపూర్_మామిడి

అక్క, మా ఊర్ల పనికెళ్లి వచ్చి రెండు సీసాల కల్లు తాగితే నొప్పులన్నీ పోతయంటరు. కల్లు గూడ ఓఆర్ఎస్ లెక్కనే కదా?

నల్లగొండ_నర్సక్క

కాదు. కల్లు తాగితే మూత్రం ఎక్కువ పోయి ఒంట్లో నీళ్లు తగ్గుతాయి, నిద్ర గూడా లోతుగా పట్టదు. నొప్పి పోలేదు, తెలియలేదు, అంతే. పొద్దున నాలుగింటికి లేచేవాడికి అస్సలు వద్దు.

ఓఆర్ఎస్ అంటే ప్యాకెట్ మీద రాసినట్టు లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో ప్యాకెట్ మొత్తం పోసుకుని తాగేవాళ్లున్నారు, అది మంచిది కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి. లేకుంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ.

ప్యాకింగ్_అక్క

నీళ్ల ముచ్చట వచ్చింది గాబట్టి రాస్తున్న. నేను కొత్తూరు దిక్కు ప్యాకింగ్‌ల ఏడాదిన్నర సంది చేస్తున్న. మా ఆడోళ్లల సగం మంది నీళ్లు తాగరు. ఎందుకంటె బాత్రూం షెడ్డుకు ఆ కొసకు ఉంటది, పోయి వస్తే పది నిమిషాలు, ఆ పది నిమిషాల లెక్క కంప్యూటర్ల పడుతది. నేను గూడ మొదటి నెల తాగలే. మూత్రంల మంట, జ్వరం, చలి. నాలుగు దినాల జీతం పోయింది, మందులకు ఇంకింత పోయింది. పది నిమిషాలు ఆదా చేసిన అనుకున్న గని ఎన్ని నిమిషాలు పోగొట్టుకున్ననో లెక్క ఏస్కున్రి చెల్లెల్లారా. ఇప్పుడు ఎవరన్న అడిగితే మొఖం మీదనే చెప్త, బాత్రూంకు పోయిన, రాస్కోమని.

ప్యాకింగ్‌ల నడక ఉండదు, నిలబడుడు ఉంటది. అది నడక కంటె ఎక్కువ సంపుతది. కాళ్ల కింద పాత అట్టపెట్టె మడతపెట్టి ఏస్కుంటె సిమెంటు నేల చలువ, గట్టి తెలవదు. ఒక కాలు కింద చిన్న డబ్బా పెట్టుకుని కాళ్లు మార్చుకుంటుంటె నడుముకు సుకం. బల్ల ఎత్తు మోచేతుల కాడికి ఉండాలె. నేను పొట్టి, బల్ల ఎత్తు. సూపర్‌వైజర్‌ను అడిగి కాళ్ల కింద చెక్క పాలెట్ (సామాను పెట్టే చెక్క పలక) ఏపిచ్చుకున్న. అడగనంత సేపు ఎవ్వలూ ఇయ్యలే.

షాద్‌నగర్_షిఫ్టు

@ప్యాకింగ్_అక్క నేను ఇప్పుడు టీం లీడర్. నా మనుషులకు నేనే చెప్త నీళ్లు తాగున్రి అని. అందరు అట్ల లేరు, ఒప్పుకుంట.

హమాలి కాక సగం తట్ట ముచ్చట చెప్పిండు కదా, దాని మీద ఒక మాట. మా దగ్గర గూడ కొత్తోళ్లకు మొదటి వారాలు టార్గెట్ తక్కువనే ఉంటది, మెల్లగ పెంచుతరు. గని ఆ సంగతి కొత్తోళ్లకు ఎవరూ చెప్పరు. వాళ్లు పక్కన మూడేండ్లోడు ఎట్ల కొడుతున్నడో చూసి దానికి పరుగెత్తుతరు. తమ్మీ, నీ రేటు, అంటె ఎన్ని సామాన్లు తీయాల్నో, ఎంత అడుగుతున్నరో టీం లీడర్‌ను నోరు తెరిచి అడిగినవా?

పాలమూరు_పోరడు

అడగలే అన్న. స్క్రీన్ మీద అందరి పేర్లు వస్తయి, నా పేరు అన్నిటికంటె కింద ఉంటది. అది చూసి ఉరుకుతున్న.

షాద్‌నగర్_షిఫ్టు

ఉరకకు. ఎక్కువ కొట్టేటోళ్లను ఒక్క గంట గమనించు, ఒక్కడూ ఉరకడు. ట్రాలీని ర్యాక్ నడుమ ఇడిచి నాలుగు డబ్బాలు ఒక్కసారి తెస్తడు, నువ్వు ఒక్కోదానికి ట్రాలీ గుంజుకపోతవ్. స్కానర్ ఒకటి తీయుమన్నప్పుడే దాని తర్వాత ఏ వరుసనో చూసుకుంటడు. ట్రాలీని గుంజడు, నూకుతడు. గుంజితే భుజం, నడుము పోతయి, నూకితే కాళ్లు పని చేస్తయి. కింది అరల సామాను ఉంటె వంగడు, ఒక మోకాలు మీద కూసుంటడు. దినానికి మూడు నాలుగు వందల సార్లు వంగేటోని నడుముకు, కూసోని లేసేటోని నడుముకు మాపటికి తేడా తెలుస్తది.

స్కానర్ బటన్ బొటనవేలితోనే కాదు, చూపుడువేలితోని గూడ ఒత్తొచ్చు. గంటకోసారి చెయ్యి మార్చు.

వనపర్తి_వాలీబాల్

బడిల పీఈటీగా (ఆటల సారుగ) చేస్తున్న. పని ఎక్కకముందు ఐదు నిమిషాలు పిక్కలు, తొడలు, భుజాలు ఆడిచ్చుకో. పిల్లలను గ్రౌండ్‌ల దించే ముందు గదే చేపిస్త. పని అయినంక గోడకు చేతులు పెట్టి ఒక కాలు ఎన్కకు సాపి మడిమ నేలకు ఆనిచ్చి ముప్పై లెక్కపెట్టు, కాలుకు రెండు సార్లు. బస్సు ఎక్కినంక కాదు, ఎక్కకముందే. బస్సుల గంట సేపు ముడుచుకుని కూసుంటె పిక్క అట్లనే బిగుసుకుంటది. సెలవు నాడు మంచం మీద పండకుండ ఊర్ల కొంచెం నడువు.

గద్వాల_మగ్గం

సెలవు నాడు గూడ నడవాల్నా? పాపం పోరన్ని ఇడువున్రి సారూ.

వనపర్తి_వాలీబాల్

ఒక్క అరగంట. చెరువు కట్ట దాంక. నిలువ ఉన్న నీళ్లే పాకురు పడుతయి.

పాలమూరు_పోరడు

అందరు ఇంత మంచిగ రాసిన్రు, ఒక్కొక్కరికి వేరే వేరే జవాబు రాయలేకపోతున్న, ఏమనుకోకున్రి. బస్సుల కూసోని చదివిన. తిండి గురించి ఎవరన్న చెప్పున్రి. నాలుగింటికి బువ్వ దిగదు. ఎనిమిదింటికి ఛాయ్ బ్రేకు పదిహేను నిమిషాలు, పదకొండింటికి తిండి బ్రేకు అరగంట. క్యాంటీన్‌ల అన్నం మంచిగనే పెడతరు, గని తిన్నంక గంట సేపు నిద్రొస్తది, గప్పుడే రేటు పడిపోతది.

గద్వాల_మగ్గం

మా నాయన గుంట మగ్గం మీద కూసోని దినమంత కాళ్లతో తొక్కుతడు. పొద్దుగాల రెండు జొన్న రొట్టెలు, పచ్చి ఉల్లిగడ్డ, కారం. అన్నం తింటె నిద్రొస్తదని ఆయన గూడ పని దినాలల మధ్యాహ్నం రొట్టెనే తింటడు. నువ్వు నాలుగింటికి రాగి జావ తాగి బయలెల్లు, రొట్టె కట్టుకపో, ఎనిమిదింటికి సగం పదకొండింటికి సగం తిను. పాలమూరోళ్లం పల్లీలకు కరువా? వేంచిన పల్లీలు, బెల్లం ముక్క జేబుల ఏస్కో.

నల్లగొండ_నర్సక్క

జేబులో పల్లీలు మంచి ఆలోచన, లోపలికి తిండి తీసుకుపోనియ్యకపోతే బస్సులో తిను. దానికి తోడు గుడ్లు. రోజుకు రెండు. కండ మానడానికి మాంసకృత్తులు కావాలి, అన్నం, పచ్చిపులుసుతో కండ కట్టదు. గుడ్లు తినని వాళ్లు పప్పు చిక్కగా, పెరుగు. ఆడపిల్లలైతే ఒకసారి రక్తం పర్సెంటు చూపించుకోండి. తొమ్మిదో పదో ఉండి "పని చాతనైతలేదు" అనుకునేవాళ్లు చాలామంది వస్తారు, ఐరన్ గోలీలు వాడినంక అదే పని చేస్తున్నారు.

నిద్ర ఏడు గంటలు తప్పదు. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటి లోపల పడుకోవాలి. ఫోను వేరే గదిలో పెట్టు. ఇది చదివేది గూడా పొద్దున బస్సులోనే చదువు.

మర్రిగూడ_మనిషి

ఒక ముచ్చట నా దిక్కు నుంచి. మా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లం. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంక పిల్లలకు బాధ తప్పింది గని నా ఈడు వాళ్లకు ఎముకలల అప్పటికే చేరింది. చౌటుప్పల్ దగ్గర గోదాంల లోడింగ్‌కు చేరినప్పుడు మెడ, నడుము పొద్దుగాల కట్టె లెక్క ఉండేది. అందరికి నొప్పులున్నయి, నాకూ ఉన్నయి అనుకున్న. అందరికి మూడు వారాలల తగ్గినయి, నాకు తగ్గలే. ఎక్స్‌రే తీపిస్తే ఎన్నుపూస దగ్గర గట్టిపడ్డదన్నరు. డాక్టర్ కాగితం రాసిచ్చిండు, అది చూపిస్తే నన్ను లోడింగ్ నుంచి తీసి గేటు కాడ లారీల ఎంట్రీ రాసే పనికి మార్చిన్రు. జీతం అదే.

మన దిక్కు మనుషులు ఇది మనసుల పెట్టుకున్రి. నాలుగు వారాలైనా తగ్గకుంటె అది కొత్త పని నొప్పి కాకపోవచ్చు.

దేవరకొండోడు

అన్న, నీకు మంచి వాళ్లు దొరికిన్రు. నేను కాగితం చూపిస్తే రేపటి నుంచి రావొద్దన్నరు. కాంట్రాక్టరు కింద ఉంటి.

చౌటుప్పల్_లెక్కలు

కాంట్రాక్టరు కింద ఉన్నా హక్కులు పోవు. పదేండ్లు జీతాల లెక్కలు రాసిన, చెప్త వినున్రి.

మొదటి నెల జీతం చీటీ తప్పకుండ తీస్కో తమ్మీ. అందుల పీఎఫ్ (ముసలితనానికి దాచే పైసలు), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కటింగ్ ఉన్నయా చూడు. ఈఎస్ఐ నెలకు 21,000 దాంక జీతం ఉన్నోళ్లకు వర్తిస్తది, నీ జీతంల 0.75 శాతం కోస్తరు, యజమాని 3.25 శాతం కడతడు. నీది 14,000 అనుకుంటె నీకు పోయేది 105 రూపాయలే. ఈ 105 రూపాయలే నీకు డిస్పెన్సరీ, సనత్‌నగర్ ఈఎస్ఐ దవాఖాన దాంక తొవ్వ. పని కాడ దెబ్బ తాకితే మొదటి దినం నుంచే వర్తిస్తది, పనికి పోలేని దినాలకు జీతంల 90 శాతం దాంక ఇస్తరు. మామూలు జబ్బుకు సెలవు పైసలు కావాలంటె మాత్రం ఆరు నెలల కాలంల 78 దినాలు పని పడి ఉండాలె, అప్పుడు 70 శాతం, ఏడాదికి 91 దినాల దాంక.

దేవరకొండ తమ్ముడు నువ్వు ఈఎస్ఐ కార్డు వాడినవా?

వారానికి 48 గంటలు దాటి పనిచేపిస్తే ఓటీకి, అంటె ఆ పై గంటలకు, రెట్టింపు కట్టాలె. 1948 ఫ్యాక్టరీల చట్టంల ఉండె గదే, దాని జాగల వచ్చిన 2020 కార్మిక కోడ్‌ల గూడ గదే. పీఎఫ్ యూఏఎన్ నంబరు 12 అంకెలు ఉంటది, ఫోన్ల దాచుకో. గోదాం మారినా అదే నంబరు ఇయ్యాలె, కొత్తది తీస్కుంటె పాత పైసలు కలుపుకునేటప్పుడు తిప్పలైతది. దెబ్బ తాకిన నాడు చిన్నదైనా సరే యాక్సిడెంట్ రిజిస్టర్‌ల రాపిచ్చు. రాపియ్యని దెబ్బ కాగితం మీద తాకనట్టే.

దేవరకొండోడు

లే అన్న. కార్డు ఉన్నదని గూడ నాకు తెల్వదు. జీతం చీటీ ఎన్నడు అడగలే. ఎమ్మారైకి ఎనిమిది వేలు సొంతంగ పెట్టిన, మా అక్క కమ్మలు కుదవపెట్టి.

చౌటుప్పల్_లెక్కలు

పాత బ్యాంకు పాస్‌బుక్కు, గోదాం ఐడీ కార్డు ఏమున్నా పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు పో. నీ పేరు మీద నంబరు తీసిన్రో లేదో చూస్తరు. నాకు వేరేగ మెసేజ్ పెట్టు, దరఖాస్తు రాసిస్త.

మిర్యాల_హమాలి

మా బిడ్డ చదువుతుంటె విన్న. కమ్మల ముచ్చట విని మనసు కలుక్కుమన్నది. లెక్కల సారు, ఆ పోరని పని అయ్యేదాంక ఇడువకు.

ప్యాకింగ్_అక్క

ఎండకాలం ముచ్చట ఎవరూ అనలే. రేకుల షెడ్డు, నల్లగొండ, పాలమూరు దిక్కు మే నెలల 43, 44 డిగ్రీలు. పై వరుసల మెజనైన్ (షెడ్డు లోపలి పై అంతస్తు) మీద పనిచేసేటోళ్లకు కొలిమిల ఉన్నట్టే. పోయిన ఏడు మా దగ్గర ఒక పిల్ల సెలవు మీద పది దినాలు ఊరికి పోయొచ్చి మొదటి దినమే పడిపోయింది. ముందు రెండు నెలలు అదే వేడిల మంచిగ చేసిన పిల్ల.

నల్లగొండ_నర్సక్క

వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వారానికి పైన సెలవు పెడితే ఆ అలవాటు పోతుంది, మళ్లీ కొత్తవాడి లెక్కనే. తిరిగొచ్చిన మొదటి రెండు మూడు రోజులు తగ్గించి చేయాలి. వేడిలో దాహం అయ్యేదాకా ఆగొద్దు, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు తెచ్చి బట్టలు వదులు చేసి నీళ్లు గుమ్మరిస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

పాలమూరు_పోరడు

ఐదో వారంల రాస్తున్న. మధ్యల రాయలేకపోయిన, తొమ్మిదింటికే పంటున్న గదా.

బూట్లు మార్చిన్రు. మొదటి దినం అడిగితే లేవన్నడు, రెండో దినం టీం లీడర్‌ను ఎంటపెట్టుకపోయిన, 8 దొరికినయి. పొక్కులు పది దినాలకు ఎండినయి. పిక్కల నొప్పి మూడో వారం మధ్యల ఒకనాడు లేదు, ఎప్పుడు పోయిందో గూడ నాకు తెల్వలే. మెట్లు దిగినంక యాదికొచ్చింది గోడ పట్టుకోలేదని. అమ్మ వాకిట్ల నిలబడి చూస్తున్నది, ఏమనలే, లోపలికి పోయి ఇంకో గుడ్డు ఉడకబెట్టింది.

రేటు అడిగిన. నాకు మొదటి నెల అడిగేది పక్కోనిదాంట్ల సగం కంటె కొంచెం ఎక్కువ, అంతే. ఉత్తగ ఉరికిన. ఇప్పుడు ట్రాలీ నూకుతున్న, కింది అరకు మోకాలు మీద కూసుంటున్న. నడుము మాపటికి ఇంక గుంజుతది గని కాలుకు దిగలే, దినం దినం చూసుకుంటున్న. బొటనవేలు మాత్రం పూర్తిగ తగ్గలే. జీతం చీటీల ఈఎస్ఐ ఉన్నది. పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం పోయింది, నంబరు రాస్కున్న. బోరు అప్పుకు మొదటి కిస్తీ కట్టినం.

పదకొండు మందిల ఇప్పుడు ఐదుగురం ఉన్నం.

మిర్యాల_హమాలి

మంచిది కొడుకా. బొటనవేలు నర్సమ్మకు చెప్పు.

నల్లగొండ_నర్సక్క

రాత్రిపూట వేళ్లు తిమ్మిర్లెక్కి మెలకువ వస్తుందా? వస్తే ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటున్నట్టు. రాకుంటే ఇంకో రెండు వారాలు చేతులు మార్చుకుంటూ చూడు.

పాలమూరు_పోరడు

తిమ్మిరి లేదక్క. ఉత్త నొప్పే.

దేవరకొండోడు

నా ఈఎస్ఐ నంబరు దొరికింది. లెక్కల అన్న ఎంట వచ్చిండు. ఇంక పైసలేం రాలే, దరఖాస్తు తీస్కున్నరు.

బాలానగర్_కొత్తోడు

మొత్తం చదివిన. ఎల్లుండి నుంచి నేను గూడ షాద్‌నగర్ దిక్కు ఒక గోదాంల చేరుతున్న, పికింగే. జడ్చర్ల కెళ్లి వచ్చే బస్సే ఎక్కాలన్నరు, ఐదు దాటినంక మా బాలానగర్ స్టేజీ కాడికి వస్తదంట. నాకు బూట్లు 7 కావాలె, నిన్న కాగితాలు ఇచ్చేటప్పుడు 8 చేతుల పెట్టిన్రు.

పాలమూరు_పోరడు

అవి తొడగకు, మరకైతే మార్చనంటరు. డబ్బాల అట్లనే తీస్కరా. డ్రైవర్ ఎన్క మూడో సీటుల కిటికీ దిక్కు నేనే ఉంట. నా దగ్గర అట్ట సోలు ఒక జత మిగిలింది, తెస్త. స్టోర్ కాడికి ఇద్దరం పోదాం.